బోరు నీళ్లూ, బాలల సైన్స్ కాంగ్రెసూ

నల్లగొండ జిల్లాలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఫిజికల్ సైన్స్ బోధించిన సంవత్సరాలను తలచుకున్నప్పుడల్లా నాకు ముందుగా గుర్తుకు వచ్చేది 2004లో మా పిల్లలు జిల్లా స్థాయి బాలల సైన్స్ కాంగ్రెస్ కోసం చేసిన పని. జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్ 1993 నుంచి దేశమంతటా జరుగుతున్న కార్యక్రమమని, పది నుంచి పదిహేడేళ్ల లోపు పిల్లలు బృందంగా (అప్పట్లో ఐదుగురికి మించకుండా) ఏర్పడి, ఒక గైడ్ టీచర్ సాయంతో తమ పరిసరాల్లోని ఒక సమస్యను స్వయంగా పరిశీలించి, దాన్ని తమ భాషలోనే నివేదించాలని చాలామంది ఉపాధ్యాయులకు తెలుసు. పోటీ జిల్లా స్థాయిలో మొదలై, రాష్ట్రం దాటి, జాతీయ సమావేశం దాకా వెళుతుంది. అయితే నా మనసులో నిలిచిపోయింది ఆ పై మెట్లు కావు. సమస్య పిల్లల సొంత ఊరిదై ఉండాలన్న ఆ ఒక్క నిబంధన నా పాఠాలను ఎంతగా మార్చిందో చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

2004, 2005 సంవత్సరాలకు సైన్స్ కాంగ్రెస్ ఇచ్చిన ప్రధానాంశం జలవనరులు. నల్లగొండ జిల్లాలో నీటి గురించి ప్రాజెక్టు చేయమంటే, విషయం కోసం వెతుక్కోవలసిన అవసరం ఎవరికీ ఉండదు. భూగర్భజలంలో ఫ్లోరైడ్ వల్ల పళ్లూ ఎముకలూ దెబ్బతింటున్నాయని మన దేశంలో మొదటిసారి నమోదైంది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. కానీ ఫ్లోరోసిస్ అనే ఆ జబ్బు పేరు చెప్పగానే అందరికీ తోచేది నల్లగొండే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు ఫ్లోరైడ్ ప్రాంతాల పిల్లల్లో మోకాళ్లు లోపలికి వంగిపోవడాన్ని గురించి 1973లోనే రాశారు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో ఈ నియోజకవర్గం నుంచి 480 మంది పోటీకి దిగడం, బ్యాలెట్ పత్రం పుస్తకంలా తయారవడం కూడా తాగునీరూ సాగునీరూ కావాలని ఈ జిల్లా ప్రజలు చేసిన ఆందోళనలో భాగమే. మా తరగతిలోని పిల్లల్లో కొందరి తండ్రులకు ఆ ఎన్నికలు నిన్న మొన్నటి సంగతిలా గుర్తున్నాయి. ఇంత చరిత్ర ఉన్న చోట, మేము అప్పటిదాకా ఫ్లోరిన్‌ను హాలోజన్ల వరుసలో మొదటి మూలకంగా, మార్కుల కోసం గుర్తుంచుకోవలసిన ఒక గడిగా మాత్రమే చెప్పుకుంటూ వచ్చాం.

ప్రాజెక్టు ఆలోచనలు చెప్పమన్నప్పుడు తొమ్మిదో తరగతి పిల్లల నుంచి మొదట వచ్చినవి అట్ట ముక్కలతో ఇంకుడుగుంత నమూనా, థర్మోకోల్‌తో ఆనకట్ట, నీటి పొదుపు మీద నినాదాలు. అవి వైజ్ఞానిక ప్రదర్శనల్లో వాళ్లు ఏటా చూస్తున్నవే. నమూనా వద్దు, సమాధానం ముందే తెలిసిపోని ఒక ప్రశ్న కావాలి అని చెప్పి రెండు రోజులు గడువిచ్చాను. గడువు తీరేలోపే వెనక వరుసలో కూర్చునే ఒక అమ్మాయి లేచి, "మేడం, మా బోరు నీళ్లు, మా పెద్దమ్మ వాళ్ల బోరు నీళ్లు ఒక్కటేనా? వాళ్లయి తాగితే ఉప్పగ ఉండవు, మాయి ఉంటయి, మరి గోడ ఒక్కటే కద" అని అడిగింది. రుచికి ఫ్లోరైడ్‌తో సంబంధం లేదని, అది నీటిలో ఉన్నా నాలుకకు తెలియదని చెప్పాను. "మరి తెలువకపోతే ఎట్ల?" అని ఇంకొకరు అడిగారు. మా ప్రాజెక్టు ఆ రెండు ప్రశ్నల మధ్య పుట్టింది. ఒకే ఊళ్లో, ఒకే బండరాతి నేల మీద, ఏ బోరులో ఎంత ఫ్లోరైడ్ ఉంది, ఎందుకు తేడా ఉంది అన్నది తేల్చాలనుకున్నాం.

ఆరంభంలోనే ఒక విషయంలో నేను గట్టిగా నిలబడవలసి వచ్చింది. బడిలోని పిల్లలందరి పళ్లూ పరీక్షించి, ఎవరికి మచ్చలున్నాయో లెక్క తీస్తే ప్రాజెక్టుకు బలం వస్తుందని కొందరు పిల్లలు సూచించారు, సహోపాధ్యాయులు ఒకరిద్దరు కూడా సమర్థించారు. పరిశోధనా పద్ధతిగా చూస్తే అందులో తప్పు లేదు. దవాఖానా వాళ్లు చేసే సర్వే అలాంటిదే. కానీ మా బడిలో నవ్వేటప్పుడు అరచేయి అడ్డం పెట్టుకునే ఆడపిల్లలు ఎందరో నేను రోజూ చూస్తున్నాను. పాలపళ్లు పోయి వచ్చే పళ్లు చిగురు లోపల తయారవుతున్న వయసులో, అంటే సుమారు ఎనిమిదేళ్ల లోపు తాగిన నీరే ఆ మచ్చలకు కారణం. ఆ వయసులో ఏ నీళ్లు తాగాలో వాళ్లు ఎంచుకోలేదు. తోటి పిల్లలు నోటుపుస్తకం పట్టుకుని వాళ్ల నోళ్లు తెరిపించడానికి నేను ఒప్పుకోనని చెప్పాను. కొలవవలసింది నీటిని, మనుషులను కాదని ఆ రోజు మేము పెట్టుకున్న హద్దును ఆ తరువాత చేసిన ఏ ప్రాజెక్టులోనూ దాటలేదు. న్యాయనిర్ణేతలకు ఆ లోటు కనిపించవచ్చని తెలుసు. అయినా ఆ నిర్ణయం సరైనదేనని ఇప్పటికీ నమ్ముతున్నాను.

నమూనాల సేకరణ మొదలుపెట్టాక పాఠ్యపుస్తకం తనంతట తానే తెరుచుకోసాగింది. ఫ్లోరైడ్ పరీక్షకు నీటిని గాజు సీసాలో కాకుండా ప్లాస్టిక్ సీసాలో పట్టాలని కిట్‌తో వచ్చిన సూచనల్లో ఉంది. ఎందుకని పిల్లలు అడిగినప్పుడు, ఫ్లోరిన్ సమ్మేళనాలకు గాజులోని సిలికాతో ఉన్న స్నేహం గురించి, గాజు మీద అక్షరాలు చెక్కడానికి హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం వాడటం గురించి చెప్పాను. బోరింగ్ కొట్టగానే వచ్చే నీళ్లు కాకుండా, పైపులో నిలిచిన నీరంతా పోయేదాకా కొట్టి ఆ తరువాతి నీళ్లు పట్టాలని, పట్టే ముందు సీసాను అవే నీళ్లతో కడగాలని, సీసా మీద చీటీ అప్పటికప్పుడే అంటించాలని నేర్చుకున్నారు. బోరు లోతు ఎంతో యజమానిని అడిగి రాసుకోవడం మగపిల్లలు తీసుకున్నారు. ఎన్ని ఏండ్ల కిందట వేశారు, ఎండాకాలం ఎండిపోతుందా, ఆ నీళ్లు తాగడానికా పశువులకా అన్న వివరాలు ఇంట్లో ఆడవాళ్లను అడిగి ఆడపిల్లలు తెచ్చారు. సాంఘికశాస్త్రం మాస్టారు ఊరి పటం గీయించారు. అందులో చెరువు, గుట్టలు, వాడలు, చేదబావులు, బోర్లు అన్నీ వచ్చాయి. పటం పూర్తయ్యాక పిల్లలే గమనించారు, ఊళ్లో చాలా చేదబావులు ఎండిపోయాయని. 2002 కరవు తరువాత నీళ్ల కోసం బోర్లు ఇంకా ఇంకా లోతుకు పోయాయి.

పరీక్ష చేసే పద్ధతి చూడటానికి తేలిక. కొలిచిన నీటిలో కారకం (పరీక్ష రసాయనం) చుక్కలు వేస్తే గులాబీ రంగు వస్తుంది. ఫ్లోరైడ్ పెరిగేకొద్దీ ఆ గులాబీ వెలిసి పసుపు వైపు తిరుగుతుంది. కార్డు మీది రంగులతో పోల్చి అంకె రాయాలి. మొదటి రోజున ఒకే గొట్టాన్ని ఒకరు 1 అన్నారు, ఒకరు 1.5 అన్నారు, ఇంకొకరు 2 అన్నారు. భారతీయ ప్రమాణాల ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఉండటం మేలు, వేరే నీరు లేనప్పుడు 1.5 వరకు అనుమతించవచ్చు. ఆ రెండు అంకెల మధ్య తేడా అంటే ఒక కుటుంబం ఆ బోరు వాడవచ్చా లేదా అన్న తేడా. కాబట్టి ఎవరి మాట నమ్మాలి? తరగతి అంతా కూర్చుని ఒక నియమం పెట్టుకుంది. ప్రతి గొట్టాన్నీ ముగ్గురు విడివిడిగా చూసి, ఒకరికొకరు చెప్పుకోకుండా చీటీ మీద రాయాలి. ముగ్గురిలో ఇద్దరి అంకెలు కలవకపోతే పరీక్ష మళ్లీ చేయాలి. గదిలో ట్యూబులైటు కింద కాకుండా వేపచెట్టు నీడలో పగటి వెలుతురులోనే చూడాలి. ఏ సీసా ఎవరి ఇంటిదో చూసేవాళ్లకు తెలియకుండా ఉండాలన్న నియమాన్ని చేర్చింది ఒక పిల్లవాడు. "మా ఇంటి నీళ్లయితే నాకు తక్కువ కనిపిస్తయేమో మేడం" అన్నాడు. కొలత మీద కొలిచేవాడి కోరిక నీడ పడుతుందన్న సంగతి నాకు ఎమ్మెస్సీలో పాఠంగా చెప్పారు. ఆ పిల్లవాడు దాన్ని తన ఇంటి బోరు దగ్గర కనుక్కున్నాడు.

పది లక్షల భాగాల్లో ఒక భాగం (లీటరు నీటిలో ఒక మిల్లీగ్రాము) అంటే ఏమిటో అంతకుముందు ఎన్నిసార్లు చెప్పినా పిల్లల ముఖాల్లో వెలుగు కనిపించేది కాదు. ఇప్పుడు వాళ్లే లెక్క వేశారు. లీటరుకు 3 మిల్లీగ్రాములున్న బోరు నీళ్లను ఎండాకాలంలో పొలం పని చేసే మనిషి నాలుగు లీటర్లు తాగితే రోజుకు 12 మిల్లీగ్రాములు; ఆ నీళ్లతోనే అన్నం, పప్పు వండితే ఇంకా ఎక్కువ. గ్రాఫు పాఠం ఇంతకంటే ఆసక్తిగా సాగింది. బోరు లోతును అడ్డంగా, ఫ్లోరైడ్‌ను నిలువుగా పెట్టి చుక్కలు గుర్తిస్తే సరళరేఖ వస్తుందని అందరూ ఎదురుచూశారు. చుక్కలు చెదిరిపోయాయి. మొత్తం మీద లోతు బోర్లలో ఎక్కువగా, చెరువు పక్కనున్న చేదబావిలో తక్కువగా ఉంది. కానీ పక్కపక్కనే ఉన్న రెండు బోర్లలో, లోతు దాదాపు ఒకటే అయినా, ఒకదానిలో రెట్టింపు వచ్చింది. "గీత వస్తలేదు మేడం, తప్పు చేసినమా?" అని అడిగారు. తప్పు లేదని, నేల అలాగే ఉందని చెప్పి, నల్లరాతి పగుళ్ల మధ్య నీరు ఎలా దారి చేసుకుంటుందో, రాతిలోని ఫ్లోరైడ్ ఖనిజాలతో అది ఎంతకాలం కలిసి ఉందన్న దాన్ని బట్టి తేడా ఎలా వస్తుందో, నీటిలో కాల్షియం తక్కువగా ఉంటే ఫ్లోరైడ్ ఎందుకు ఎక్కువగా కరిగి నిలుస్తుందో చెప్పాను. కాల్షియం ఫ్లోరైడ్ అవక్షేపం సమీకరణాన్ని ఆ రోజు నల్లబల్ల మీద రాసినప్పుడు, దాన్ని కంఠస్థం చేయాలా అని ఒక్కరూ అడగలేదు. పక్క పీరియడులో జీవశాస్త్రం టీచర్ ఎముకల నిర్మాణం చెప్పి ఆ పాఠాన్ని అందుకున్నారు.

అప్పటి పోటీ నిబంధన ప్రకారం బృందంలో ఐదుగురే ఉండాలి. తరగతిలో అంతకు ఎన్నో రెట్లు పిల్లలున్నారు. చురుకైన ఐదుగురిని ఏరుకుని, వాళ్లకు ప్రత్యేకంగా శిక్షణ ఇచ్చి పంపడం చాలా బడుల్లో జరిగేదే. గెలుపు కోసమైతే అదే దగ్గరి దారి. ఆ దారిలో మిగిలిన పిల్లలకు సైన్స్ కాంగ్రెస్ అన్న మాట నోటీసుబోర్డు మీది వార్తగానే మిగిలిపోతుంది. అందుకని పని తరగతి మొత్తానిదని, వేదిక మీదికి వెళ్లే ఐదుగురు తరగతి తరఫున మాట్లాడే ప్రతినిధులని ముందే చెప్పాను. ఎవరు వెళ్లాలో చివర్లో పిల్లలే తేల్చుకున్నారు. నేను ఊహించిన పేర్లు వాళ్లు చెప్పలేదు. లెక్కల్లో ఎప్పుడూ ముందుండే అబ్బాయిని పక్కనపెట్టి, పెద్దవాళ్లతో భయపడకుండా మాట్లాడి బోర్ల వివరాలు రాబట్టుకొచ్చిన అమ్మాయిని నాయకురాలిగా ఎన్నుకున్నారు. నివేదిక భాషను తెలుగు పండితులు ఓపికగా దిద్దారు. పనిపుస్తకంలో కొట్టివేతలు ఎక్కువగా ఉన్నాయని, తిరగరాద్దామని పిల్లలు అంటే, ఏ రోజు ఏది తప్పి మళ్లీ చేశామో తెలిసేది ఆ కొట్టివేతల వల్లనే అని చెప్పి అలాగే ఉంచాం.

ఫలితాలు పటం మీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ చుక్కలుగా వచ్చాక ఊరంతా పాకింది. ఒక బోరు యజమానికి కోపం వచ్చింది. తన బోరుకు ఎర్ర చుక్క పెట్టి పరువు తీశారన్నాడు. మా పిల్లలు ఆయన ఇంటికి వెళ్లి, ఆయన ముందే మళ్లీ పరీక్ష చేసి, కార్డు ఆయన చేతికే ఇచ్చి రంగు చూడమన్నారు. చూసి, ఏమీ అనకుండా అందరికీ చాయ్ పోయించాడు. అంతకంటే కష్టమైన మాట ఒక అవ్వ నోటి నుంచి వచ్చింది. "పంతులమ్మా, మా బోరింగ్ నీళ్లు మంచిగ లేవని మీ పోరగాళ్లు రాసుకపోయిండ్రు. రాసుడు మంచిదే. మరి నేను ఏ నీళ్లు తాగాలె బిడ్డా?" అని అడిగింది. ఊరికి కృష్ణా నీళ్లు అప్పటికి రాలేదు. కొలిచి, పటం గీసి, పోటీకి వెళ్లి రావడంతో మా పని అయిపోతుందనుకున్న పిల్లలకు ఆ రాత్రి నిద్ర పట్టలేదని మరునాడు వాళ్లే చెప్పారు.

ప్రాజెక్టు రెండో సగం ఆ ప్రశ్నతో మొదలయింది. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) రూపొందించిన పద్ధతికి మన జిల్లా పేరే పెట్టి నల్లగొండ పద్ధతి అంటారని పిల్లలకు అప్పుడే తెలిసింది. నీటిలో సున్నం, పటిక, కొద్దిగా బ్లీచింగ్ పౌడరు కలిపి, పది నిమిషాలు నెమ్మదిగా తిప్పి, గంటసేపు తేరనిస్తే, ఫ్లోరైడ్‌లో చాలా భాగం మడ్డితో పాటు అడుగుకు చేరుతుంది; పైన తేరిన నీటిని, అడుగు మడ్డి కదలకుండా కొంత ఎత్తున అమర్చిన నల్లా ద్వారా తీసుకోవాలి. పటిక మోతాదు నీటిలోని ఫ్లోరైడ్‌ను బట్టి మాత్రమే కాక క్షారత్వాన్ని బట్టి కూడా మారుతుంది కాబట్టి, అందరికీ ఒకే చెంచా లెక్క చెప్పడం కుదరదు. పిల్లలు ప్లాస్టిక్ బకెట్టుకు నల్లా బిగించి, వేరువేరు మోతాదులతో ప్రయత్నించి, కలపక ముందూ కలిపిన తరువాతా నీటిని పరీక్షించారు. రంగు కార్డు ప్రకారం అంకెలు బాగా తగ్గాయి. ఆ సంతోషంతోనే నల్లగొండకు ఆర్టీసీ బస్సెక్కాం.

జిల్లా పోటీ రోజున నాయకురాలు ఎక్కడా తడబడకుండా చెప్పింది. ప్రశ్నల సమయంలో న్యాయనిర్ణేతల్లో ఒకరు, కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పే అధ్యాపకులు, మెత్తగా ఒక ప్రశ్న అడిగారు. పటిక కలిపిన నీటిలో కొంత అల్యూమినియం మిగిలి ఉంటుంది కదా, అది ఫ్లోరైడ్‌ను పట్టుకుని ఉంటే మీ కారకానికి ఆ ఫ్లోరైడ్ దొరుకుతుందా, అప్పుడు మీ కిట్ చూపిన తక్కువ అంకెను నమ్మవచ్చా అని. హాలు నిశ్శబ్దమైంది. ఆ అమ్మాయి నా వైపు చూడలేదు. "మాకు తెలియదు సార్. ముందు తీసిన నీళ్ల లెక్కలు నమ్మవచ్చు, పటిక వేసిన నీళ్ల లెక్కలను ఇంకో పద్ధతిలో చూసుకోవాలె" అంది. ఆయన తల పంకించి, పనిపుస్తకం అడిగి తీసుకుని చాలాసేపు చదివారు. మా బృందం రాష్ట్ర స్థాయికి ఎంపిక కాలేదు. ఎంపికైన వాటిలో చెరువు పూడిక మీద ఒక బృందం చేసిన పని నిజంగా గొప్పది, మా పిల్లలే మొదట చప్పట్లు కొట్టారు. తిరుగు బస్సులో వాళ్లు మాట్లాడుకున్నది అల్యూమినియం గురించి.

ఆ తరువాత పటిక వేసి తేర్చిన నీళ్లను గ్రామీణ నీటి సరఫరా ప్రయోగశాలకు పంపించాం. అక్కడ ఎలక్ట్రోడ్‌తో కొలుస్తారు, కొలిచే ముందు అల్యూమినియం పట్టునుంచి ఫ్లోరైడ్‌ను విడిపించే ద్రావణం కలుపుతారు. వాళ్ల అంకె మా కిట్ అంకె కంటే ఎక్కువ వచ్చింది; అయినా మొదటి నీటి కంటే తక్కువే. మోతాదు సరిచేసి మళ్లీ పంపాం. పోటీ అయిపోయిన తరువాత, ఏ ధ్రువపత్రమూ రాని ఆ వారాల్లో పిల్లలు చూపిన శ్రద్ధను నేను ఉద్యోగంలో మరెప్పుడూ అంతగా చూడలేదు. చింతపండు తిన్న పిల్లల శరీరం నుంచి ఫ్లోరైడ్ మూత్రం ద్వారా ఎక్కువగా పోయిందని పోషకాహార సంస్థ 2002లో ప్రచురించిన పరిశోధన గురించి కూడా అప్పుడే చదివి చెప్పాను. ఇంట్లో రోజూ చేసుకునే పులుసుకు అంత విలువ ఉందా అని ఆశ్చర్యపోయి, మందుగా భావించవద్దని, నీరు మారడమే ముఖ్యమని నేను చెప్పిన మాటను కూడా తమ నివేదికలో చేర్చారు. అవ్వకు మాత్రం పిల్లలు చెరువు పక్క చేదబావి నీళ్లను కాచి తాగమని చెప్పి, వంతులవారీగా బిందె మోసి ఇచ్చారు.

నేను ఆ బడిలో ఉన్నంతకాలం, ప్రధానాంశం ఏదైనా సరే, ప్రతి సంవత్సరం కొత్త తొమ్మిదో తరగతి అవే బోర్లను మళ్లీ కొలిచింది. జీవవైవిధ్యం ఇచ్చిన ఏడాది చెరువు గట్టు మొక్కల పక్కన ఫ్లోరైడ్ పేజీ కూడా నిండింది. గైడ్ టీచర్లుగా ఉన్న చిన్నవాళ్లు నన్ను సలహా అడిగితే నేను చెప్పేది ఇదే: పోటీ తేదీ పిల్లలకు గడువు ఇస్తుంది, బయటి మనిషి ప్రశ్న ఇస్తుంది, ఆ రెండూ పాఠశాల తనంతట తాను ఇవ్వలేనివి, వాటిని వాడుకోండి, కానీ ప్రాజెక్టును పోటీతో ముగించకండి, కొలతల పుస్తకాన్ని తరువాతి తరగతికి అప్పగించండి.

2016లో మొదలైన మిషన్ భగీరథ కింద ఇప్పుడు ఆ ఊరికి కృష్ణా నీళ్లు నల్లాల్లో వస్తున్నాయి. నా తరువాత వచ్చిన సైన్స్ టీచర్ ఆ పుస్తకాన్ని కొనసాగిస్తున్నారు. పిల్లలు తాగునీటిలో ఫ్లోరైడ్‌తో పాటు, ఊరి చివరి నల్లా దాకా క్లోరిన్ మిగులుతోందా, లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములైనా ఉందా అని చూస్తున్నారు. చివరి వాడలోని రెండు నల్లాల్లో అది అందడం లేదని కిందటి నెలలో తేలిందట. పంచాయతీకి అర్జీ రాసి, దానికి తమ పట్టికను జత చేశారని ఫోనులో చెప్పారు.